పిండి వడ్డించి ఇడ్లీ అనకండి: జాతర వీడియో గురించి సంఘానికి మా మాట



ఈసారి కూడా పోస్టు పొడుగే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. పోయిన మీటింగులో మేము నోరు తెరిచేలోపే "సరే, పాస్" అని చప్పట్లు కొట్టేశారు గనుక, అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాం.

విషయం ఏమంటే, వచ్చే వైకాసి ఒకటో తేదీ గుడియాత్తం గంగమ్మ శిరస్సు పండగకూ, దాని వెనకే వేలూరు, గుడియాత్తంలో మన పెద్దవాళ్ళ మాటలు, పాటలు రికార్డు చేసే పనికీ కలిపి ఒకే వీడియో పార్టీని మాట్లాడారు. వాళ్ళ కొటేషన్‌లో ఒక్క లైను ఉంది: "ఫుల్ డే 4కె సినిమాటిక్, లాగ్ ప్రొఫైల్." ఆ లైను చదివి అందరూ తలలు ఊపారు. సంఘం వీడియోలు చూసుకునే మేము ముగ్గురం మాత్రం దీనికి ఒప్పుకోవడం లేదు. డబ్బు ఎక్కువైందని మా గొడవ కాదు. తెల్లవారుజామున ఊరేగింపుకూ, మిట్టమధ్యాహ్నం ఎండకూ, మగ్గం ఇంటి చీకటికీ, రాత్రి బాణసంచాకూ ఒకే సెట్టింగు పెట్టి తీస్తామన్న మాట మీదే మా గొడవ. అన్ని జ్వరాలకూ ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు దగ్గరికి మీరు మీ పిల్లల్ని తీసుకెళ్తారా?

ముందు మా తప్పు చెప్పుకోవాలి. ఆ తరువాతే ఇంకొకరిని అడగాలి.

కరోనాకు ముందు సంవత్సరం గుడియాత్తంలో ఒక అవ్వ ఇంటికి వెళ్ళాం. గుంట మగ్గం ఉన్న ఇల్లు. పైన పెంకుల మధ్య ఒక అద్దం పెంకు, గోడకు ఒక ట్యూబ్‌లైటు, వెలుగంటే అంతే. అవ్వ మగ్గం పక్కన కూర్చుని జాతర పాటలు గంటన్నర సేపు పాడింది. కొన్ని చోట్ల మన తెలుగులోకి తమిళం వచ్చి కలుస్తుంది, మళ్ళీ విడిపోతుంది. ఆ పాటలు పూర్తిగా వచ్చిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. మేము పిలుచుకుని వెళ్ళిన వీడియో అబ్బాయి కెమెరాను లాగ్‌లో పెట్టాడు. "తరువాత గ్రేడింగ్‌లో సినిమా లాగా వస్తుందన్నా" అన్నాడు. మేము సంతోషించాం. పక్కన నిలబడి చూసింది మేమే. డబ్బు ఇచ్చి వోచరు మీద సంతకం పెట్టిందీ మేమే.

ఆ గ్రేడింగ్ ఎన్నడూ జరగలేదు. ఎడిటింగ్ చేస్తానన్న కుర్రాడు బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. హార్డ్ డిస్కు బీరువాలోకి వెళ్ళింది. రెండో వేవ్‌లో అవ్వ వెళ్ళిపోయింది. తలదివసానికి ఆమె మనవడు వచ్చి, "అన్నా, ఆ వీడియోలోనుంచి అవ్వ ముఖం ఒకటి తీసివ్వండి, ఫ్రేము కట్టించుకుంటాం" అన్నాడు. రెండు రాత్రులు కూర్చున్నాం. రంగు పెంచితే చెంపల మీద ఆకుపచ్చ మచ్చలు. వెలుగు పెంచితే ముఖమంతా చీమలు పాకినట్టు గింజలు. కుంకుమ బొట్టు ఇటుక రంగులో ఉంది. పసుపు పూసుకున్న ముఖంలో పసుపు అన్నదే లేదు. గంటన్నర పాటలో ఒక్క ఫ్రేము దొరకలేదు. గొంతు ఉంది, ముఖం లేదు.

అందుకే ఈ పోస్టు.

అసలు పిక్చర్ ప్రొఫైల్ అంటే ఏమిటో, టెక్నికల్ సంగతులు తెలియని అక్కలకూ అర్థమయ్యేలా చెబుతాం. బయట ప్రపంచంలో వెలుగు నీడల తేడా చాలా పెద్దది. కెమెరా సెన్సారు అందులో చాలా భాగం పట్టుకుంటుంది. మన టీవీ, ఫోను చూపించగలిగేది దానికంటే తక్కువ. ఆ పెద్ద మూటను ఈ చిన్న పెట్టెలో ఎలా సర్దాలో చెప్పే సూత్రమే ప్రొఫైల్. నీడ ఎంత నల్లగా ఉండాలి, వెలుగు ఎక్కడ సున్నంలా తెల్లబడాలి, ఎరుపు ఎంత ఎర్రగా పడాలి, ఇవన్నీ అది నిర్ణయిస్తుంది. ఫొటోల్లో రా ఫైలు తీసి తరువాత మార్చుకున్నట్టు కాదు. మామూలు వీడియోలో ఆ సర్దుడు రికార్డయ్యేటప్పుడే జరిగిపోతుంది. తరువాత పూర్తిగా వెనక్కి తీయలేం.

ఇందులో రెండు రకాలు పెట్టుకోండి. ఒకటి రెక్ 709 రకం. 1990లో హెచ్‌డీ టీవీ కోసం వచ్చిన ప్రమాణం అది. తీసింది తీసినట్టే టీవీలో సరిగ్గా కనిపిస్తుంది. ఇది ఉడికిన ఇడ్లీ. రెండోది లాగ్. ఎక్కువ వెలుగునూ ఎక్కువ నీడనూ పోనివ్వకుండా అన్నిటినీ దగ్గర దగ్గరగా నొక్కి పెడుతుంది. బొమ్మ వెలిసిపోయి బూడిదరంగులో ఉంటుంది. ఇది రుబ్బిన పిండి. తెలిసిన చేయి ఆవిరి మీద పెడితే మల్లెపువ్వు లాంటి ఇడ్లీ వస్తుంది, కాదనం. కానీ పిండి మంచిదని పిండినే ఆకులో వడ్డిస్తామా? మన సంఘం బీరువాలో ఉన్న డిస్కుల్లో సగం పిండే. పొయ్యి వెలిగించేవాడు లేడు.

ఇంకో లెక్క చెబుతాం, కొంచెం నిదానంగా చదవండి. మన వైపు పెళ్ళిళ్ళలో ఎక్కువగా తిరిగిన కెమెరాల్లో సోనీ ఏ7 మార్క్ 3 ఒకటి. అది లోపల కార్డులోకి 8-బిట్‌లోనే రాస్తుంది. 8-బిట్ అంటే ఒక్కొక్క రంగుకు 256 మెట్లు. 10-బిట్ అయితే 1024. వెలుగు రెట్టింపు అయితే దాన్ని ఒక స్టాప్ అంటారు. మనిషి ముఖంలో ఒక చెంప నుంచి ఇంకో చెంపకు తేడా ఒకటి రెండు స్టాపులు. 709లో మధ్యస్థం వెలుగు దగ్గర ఆ ఒక్క స్టాపుకు సుమారు 40 మెట్లు దొరుకుతాయి. అదే 8-బిట్‌లో ఎస్-లాగ్3 పెడితే సుమారు 20 మెట్లే. అంటే అవ్వ ముఖాన్ని గీయడానికి మనం సగం రంగుపెన్సిళ్ళు మాత్రమే ఇచ్చాం. తరువాత గ్రేడింగ్‌లో ఆ 20 మెట్లను సాగదీస్తే మెట్ల మధ్య సందులు బయటపడతాయి. ఆ మచ్చలు అవే. ఇది గ్రహచారం కాదు, చిన్న కూడికల లెక్క.

దీనికి తోడు ఆ కెమెరాలో ఎస్-లాగ్ పెడితే ఐఎస్ఓ 800 కంటే కిందికి దిగదు. పైగా మగ్గం ఇంటి చీకటిలో లాగ్ బొమ్మ స్క్రీన్ మీద పొగమంచులాగా తెల్లగా కనిపిస్తుంది. వెలుగు సరిపోయిందనుకుని తీసేస్తారు. నిజానికి సరిపోలేదు. కాంట్రాస్టు పెంచి మామూలు రూపానికి తేగానే ముఖం అడుసులోకి దిగిపోతుంది. లాగ్ తీసేవాళ్ళు కావాలనే ఒకటిన్నర, రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పట్టిస్తారు. ఆ సంగతి తెలియకుండా లాగ్ బటను నొక్కడం, ఈత రాకుండా బావిలో దూకడం లాంటిదే.

మరి లాగ్ వద్దా అని అడగకండి. మేము ఆ మాట అనలేదు. ఏ వెలుగుకు ఏది అన్నదే ప్రశ్న. గుడియాత్తం పండగ రోజునే తీసుకుందాం. ఒక్క రోజులో ఎన్ని రకాల వెలుగులు వస్తాయో లెక్కపెట్టండి.

పొద్దున్నే తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సు బయలుదేరుతుంది. మే నెల నడిమి రోజులు. ఎండ ఎక్కకముందు వెలుగు మెత్తగా, అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది. ఇక్కడ పెద్ద తేడాలు లేవు. నొక్కి పెట్టాల్సిన అవసరమే లేదు. సోనీలో ఎస్-సినీటోన్, కానన్‌లో న్యూట్రల్, ఏ కంపెనీ అయినా కొంచెం కాంట్రాస్టు తగ్గించిన మామూలు ప్రొఫైల్ చాలు. చేయాల్సిన ఒక్క పని ఏమంటే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా బిగించి పెట్టడం. ఆటోలో వదిలితే పసుపు చీరల గుంపు వచ్చినప్పుడు బొమ్మ నీలంగానూ, ఆకుపచ్చ పందిరి కిందికి వెళ్ళినప్పుడు ఎర్రగానూ ఊగుతుంది. ఊగిన రంగును ఏ ఎడిటరూ కట్టు కట్టలేడు.

గోపాలపురం గంగమ్మ గుడి దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. తెల్లటి పంచెల మీద ఎండ మండుతుంటుంది. పందిరి కింద నిలబడ్డ మన నల్లటి ముఖాలు నీడలో ఉంటాయి. పూల మధ్య అమ్మవారి శిరస్సు. ఒకే ఫ్రేములో ఇంత తేడా ఇంకెక్కడా రాదు. ఇక్కడ లాగ్‌కు పని ఉంది. ఇక్కడే పెట్టమంటున్నాం. కానీ మూడు షరతులు: కెమెరా 10-బిట్ రాయాలి, గ్రేడింగ్ చేసే మనిషి పేరు ముందే చెప్పాలి, ఎన్‌డీ ఫిల్టరు ఉండాలి.

ఫిల్టరు ఎందుకని అడిగేవాళ్ళకు పాత ఫొటోగ్రాఫర్ల లెక్కే చెబుతాం. నిండు ఎండలో ఎఫ్/16 పెడితే షట్టరు వేగం ఐఎస్ఓ అంకెతో సమానం. ఐఎస్ఓ 800 అయితే 1/800. వీడియోకు మనం 1/50 పెట్టాలి, అంటే అక్కడే 4 స్టాపులు ఎక్కువ వెలుగు. లెన్సు ఎఫ్/4కు తెరిస్తే ఇంకో 4. మొత్తం 8 స్టాపులు, అంటే 256 రెట్లు. ఆ 256 రెట్ల వెలుగును ఆపే నల్లద్దం లేకుండా లాగ్ తీస్తానంటే, షట్టరును అమాంతం పెంచాలి, అప్పుడు మనుషుల నడక బొమ్మలాటలా ఎగిరెగిరి పడుతుంది. లేదా అమ్మవారి ముఖం తెల్లటి సున్నపుముద్ద కావాలి. కొటేషన్‌లో "లాగ్" అని రాసినవాళ్ళు "ఎన్‌డీ" అని ఎక్కడా రాయలేదు. మేము మూడుసార్లు వెతికాం.

కెమెరా 8-బిట్‌దే అయితే ఆ ఎండలో లాగ్ జోలికి పోకుండా మధ్యదారి పట్టండి. సోనీలో సినీ గామాలు, నికాన్‌లో ఫ్లాట్, పానసోనిక్‌లో సినీలైక్ డి ఉన్నాయి. ఇవి సగం ఉడికిన పిండివంటలు. ఇంటికి తెచ్చి కొంచెం వేడి చేస్తే చాలు.

సాయంత్రం మంటపంలో సన్మానాలు. అక్కడ ఎల్‌ఈడీ గోడ పెడుతున్నాం, కెమెరా నుంచి నేరుగా దాని మీదికి బొమ్మ వెళుతుంది. పోయినసారి వేలూరులో జరిగిన మన కార్యక్రమంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. పట్టుచీరలు కట్టుకుని వేదిక ఎక్కిన అక్కలు గోడ మీద ఉతికి ఆరేసిన పాత గుడ్డల్లా కనిపించారు. ఒక పెద్దాయన "ఏమబ్బా, స్క్రీన్‌కు జ్వరమా?" అని అడిగారు. స్క్రీన్ బాగానే ఉంది. పిండి నేరుగా గోడకు పూశారు, అంతే. నేరుగా చూపించే చోట 709 తప్ప ఇంకేదీ వద్దు. ఇందులో చర్చకు కూడా తావు లేదు. ఊదా, నీలం రంగు లైట్లు వేదిక మీద వేస్తే మాత్రం ప్రొఫైల్‌లో రంగు గాఢత తగ్గించాలి. లేకపోతే అరక్కు రంగు పట్టుచీరలో జరీ, మడత, అంచు అన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్ద అవుతుంది. ఆ చీరను నేసినవాళ్ళ ఊళ్ళోనే ఆ చీర నేతను చంపుకుంటున్నాం.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ అన్నది కూడా మరిచిపోవద్దు. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టరు. అమెరికా వీడియోలు చూసి 30 ఫ్రేములు, 1/60 పెట్టినవాళ్ళ వీడియోలో గోడల మీద నల్ల చారలు పాకుతుంటాయి. ఏ ప్రొఫైలూ దాన్ని ఆపదు.

రాత్రి బాణసంచా. చుట్టూ చీకటి, మధ్యలో మంటలు, కర్పూర హారతులు. ఇక్కడ కెమెరాను బట్టి జవాబు మారుతుంది. సోనీ ఏ7ఎస్ మార్క్ 3 లాంటి కెమెరాకు ఎస్-లాగ్3లో రెండు బేస్ ఐఎస్ఓలు ఉన్నాయి, 640, 12800. ఆ కెమెరా తెస్తే రాత్రి కూడా లాగ్ తీయనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. మామూలు కెమెరాతో వస్తే మాత్రం మంట దగ్గర వెలుగును మెత్తగా మడిచే సినీ గామా గానీ ఎస్-సినీటోన్ గానీ పెట్టి, హారతి వెలుగు పడిన ముఖం చూసి ఎక్స్‌పోజర్ చేత్తో బిగించాలి. ఇంకో నిజం కూడా చెప్పాలి. పాత సోడియం దీపాల కింద ఎర్రకుంకుమ గోధుమరంగులోనే పడుతుంది. ఆ దీపం వెలుగులోనే మిగతా రంగులు సరిగ్గా లేవు. లేని రంగును ప్రొఫైల్ పుట్టించదు. అక్కడ చేయాల్సింది ఒక మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ తెచ్చి పట్టుకోవడం.

ఇక మగ్గం ఇళ్ళు. పెద్దవాళ్ళ రికార్డింగు అంతా జరిగేది అక్కడే, లేదా వేలూరు సత్తువాచ్చారి వైపు పిల్లల ఇళ్ళలో కిటికీ పక్కన. అక్కడ లాగ్ వద్దు. ఎఫ్/1.8 లాంటి వెడల్పు లెన్సు, ఎస్-సినీటోన్ గానీ 709 గానీ, మంచి ప్యానెల్ లైటు ఒకటి మెత్తటి గుడ్డ కప్పి పక్కనుంచి. ఆ అవ్వ రోజున మేము ఈ మూడూ చేసి ఉంటే ఇప్పుడు ఆమె మనవడి ఇంట్లో ఫ్రేము ఉండేది.

ఇంతవరకూ చెప్పింది పనితనం సంగతి. ఇప్పుడు చెప్పేది మానం సంగతి. కొందరికి కోపం వస్తుంది, రానీయండి.

మన వీడియోల్లో మన రంగు ఎందుకు ఉండదు? పెళ్ళి వీడియోలో అమ్మాయి గోధుమపిండి రంగులో ఉంటుంది, పక్కన నిలబడ్డ కన్నతల్లి మామూలు రంగులో ఉంటుంది. ముఖం మీద గీతలు, మచ్చలు, ముక్కుపుడక పక్కన నీడ, అన్నీ తుడిచేసి నున్నటి బొమ్మను చేస్తారు. కెమెరాలో స్కిన్ సాఫ్ట్ ఆన్, తరువాత ఎడిటింగ్‌లో "బ్రైడల్" ప్రీసెట్. జాతర వీడియోలోనూ అదే ప్రీసెట్ వేస్తారు. పోయినసారి మేము ఒక అక్కను కూర్చోబెట్టి నాలుగు ప్రొఫైళ్ళలో తీసి టీవీలో చూపించాం. తెల్లబరిచిన దాన్ని చూసి ఆమె, "ఇది నేనేనా నైనా? సున్నం కొట్టిన గోడలాగుంది" అని నవ్వింది. మామూలు ఎస్-సినీటోన్‌లో తీసింది చూసి మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి చూసి, "మా అమ్మ ముఖమే వచ్చేసింది నాకు" అంది.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు, మనతో మొదలైనదీ కాదు. ఫిలిం రోజుల్లో కోడాక్ ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి "షర్లీ కార్డు" అని ఒకటి వాడేవారు. దాని మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ఆమె ముఖం బాగా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ళ ముఖాలు పళ్ళు, కళ్ళు తప్ప కనిపించకపోయినా అది ఫిలిం తప్పు అని చాలామంది అనలేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ దీని మీద 2009లో పెద్ద వ్యాసం రాశారు. అందులో మనసు కలుక్కుమనే సంగతి ఒకటి ఉంది. గోధుమరంగులు బాగా పడేలా ఫిలింను మార్చాలన్న ఒత్తిడి చాక్లెట్ కంపెనీల నుంచీ, చెక్క సామాను అమ్మేవాళ్ళ నుంచీ వచ్చిందట. మనుషుల ముఖాలకు రాని న్యాయం బల్లలకూ కుర్చీలకూ వచ్చింది. ఇప్పుడు కొంత మారుతోంది. గూగుల్ 2021లో ఫోన్లలో రియల్ టోన్ తెచ్చింది, 2022లో పది చాయల మాంక్ స్కేలు బయటపెట్టింది. ప్రపంచం మన రంగు వైపు ఒక అడుగు వేస్తుంటే, మనం డబ్బిచ్చి మరీ దాన్ని తుడిపించుకుంటున్నాం.

కెమెరాలో జీబ్రా గీతలు అని ఉంటాయి, ఎక్కడ వెలుగు ఎంత పడిందో చూపిస్తాయి. చాలామంది దాన్ని 70 దగ్గర పెట్టి, ముఖం మీద గీతలు వచ్చేదాకా వెలుగు పెంచుతారు. ఆ 70 అన్న అంకె తెల్లచర్మం మీద వెలుగు పడిన చోటుకు సరిపోయేది. మన చాయకు 709లో 45 నుంచి 55 మధ్య చాలు. మన ముఖాన్ని 70కి తోస్తే మన రంగు పోతుంది, వెనక ఉన్న తెల్లపంచె, ఆకాశం కూడా కాలిపోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు మాకు తెలుసు.

"కెమెరామెన్ పనిలో మనం వేలు పెట్టడమేంది?" అంటారు. మన ఇంటికి మేస్త్రీ వస్తే సిమెంటు పాళ్ళు అడగమా? చీర నేయించేటప్పుడు పోగు లెక్క అడగమా? పడుగు పేకల లెక్క తెలిసిన కులాల వాళ్ళం, స్టాపుల లెక్క నేర్చుకోలేమా? పైగా మంచి పనివాడు ఎన్నడూ ప్రశ్నకు కోపగించుకోడు. మేము మాట్లాడినవాళ్ళలో ఒకరిద్దరు, "ఇంతవరకూ ఏ సంఘమూ ఇలా అడగలేదన్నా, అడిగితే మేమూ జాగ్రత్తగా చేస్తాం" అన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి ఈ పోస్టు రాయలేదు. సినిమాటిక్ కావాలని అడిగింది మనం. వాళ్ళు అడిగింది ఇచ్చారు.

"లాగ్ కాకపోతే పాతకాలం వీడియోలాగా ఉంటుంది" అంటారు. పాతకాలం పెళ్ళి వీడియోలు ఇంట్లో ఉంటే ఒకసారి పెట్టి చూడండి. టేపు చారలు ఉంటాయి, రంగు కారిపోయి ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ తాత ముఖం గుర్తుపట్టగలరు. బొట్టు ఎర్రగా ఉంటుంది. పసుపు పసుప్పచ్చగా ఉంటుంది. మన బీరువాలోని 4కె డిస్కుల్లో అది కూడా లేదు.

"ఫోనుతో పిల్లలే తీసేస్తారు, ఇంత గొడవెందుకు?" అంటారు. నిజమే, ఎండలో ఫోను బాగానే తీస్తుంది. కానీ బ్యూటీ ఫిల్టరు ఆపమనండి, ఎక్స్‌పోజర్ బిగించమనండి. హెచ్‌డీఆర్‌లో తీసింది వాట్సాప్‌లో పంపితే ఒక ఫోనులో మండిపోయి, ఇంకో ఫోనులో వెలిసిపోయి కనిపించవచ్చు. ఆ ఫోను వీడియో పదేళ్ళ తరువాత ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించండి. ఫోను మారితే పోయింది.

"ఖర్చు పెరుగుతుంది" అంటారు. ప్రొఫైల్ మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. మెనూలో ఒక నొక్కు. లాగ్ తీసి గ్రేడింగ్ చేయించడమే ఖర్చు. ఆ ఖర్చు పెట్టకుండా లాగ్ తీయించడం అంటే డబ్బు ఇచ్చి నష్టం కొనుక్కోవడం.

కాబట్టి కొత్త అగ్రిమెంటులో ఈ ఐదు మాటలు ఉండాలని అడుగుతున్నాం. ఇవి లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

1. పండగ రోజును ఐదు వెలుగులుగా విడదీసి (తెల్లవారు, ఎండ, ఇంటి లోపల, మంటపం, రాత్రి), ఏ వెలుగుకు ఏ ప్రొఫైల్ పెడతారో ముందే కాగితం మీద రాసివ్వాలి.

2. లాగ్ తీసే చోట కెమెరా 10-బిట్ అయి ఉండాలి, ఎన్‌డీ ఫిల్టరు వెంట ఉండాలి. గ్రేడింగ్ చేసేది ఎవరో, ఎప్పటికి ఇస్తారో రాయాలి. అది ఇచ్చేదాకా ఆఖరి వాయిదా డబ్బు ఆపాలి.

3. పెద్దవాళ్ళ రికార్డింగు అంతా నేరుగా చూడదగిన ప్రొఫైల్‌లోనే. గ్రేడింగ్ మీద ఆధారపడకూడదు. ఒక ప్యానెల్ లైటు తప్పనిసరి.

4. స్కిన్ సాఫ్ట్, తెల్లబరిచే ప్రీసెట్లు ఎక్కడా వాడకూడదు. పెళ్ళివాళ్ళు అడిగితే అది వాళ్ళ ఇష్టం. సంఘం వీడియోలో వద్దు.

5. పండగకు వారం ముందు, అదే కెమెరాతో, మనలోనే ఒక నల్లటి ముఖం, ఒక పసుపు పూసిన ముఖం, ఒక ఎర్రపట్టుచీర పెట్టి, ఎండలో ఒకసారి, ఇంట్లో ఒకసారి పది నిమిషాలు పరీక్ష తీసి టీవీలో చూపించాలి. చూసి సరే అనాల్సింది కమిటీ కాదు. ముఖం ఎవరిదో వాళ్ళు.

ఆ ఐదో మాట కోసం మేము ఎంత దూరమైనా వాదిస్తాం. ఎందుకంటే ఈ వీడియోలు ఇప్పుడు చూసుకుని మురిసిపోవడానికి మాత్రమే తీయడం లేదు. మన పిల్లలు తమిళంలో చదువుకుంటున్నారు, ఇంగ్లీషులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంట్లో తెలుగు రోజురోజుకూ తగ్గుతోంది. రేపు ఎవరో మనవరాలు ఏ దేశంలోనో కూర్చుని, "మా జేజి ఎలా మాట్లాడేది, ఎలా ఉండేది?" అని ఈ డిస్కు పెట్టుకుంటుంది. ఆమెకు మనం ఏం చూపిస్తాం? బూడిదరంగు పొగమంచా? సున్నం పూసిన ముఖమా?

ఇప్పుడు మా లిస్టులో ఉన్న పెద్దవాళ్ళలో ముగ్గురికి ఎనభై దాటాయి. గుడియాత్తంలో ఇద్దరు, వేలూరులో ఒకరు. ఇంకో సంవత్సరం ఆగుదాం, వచ్చేసారి సరిచేసుకుందాం అనడానికి వీలు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాకు ఒకసారి అయింది. ఆ అవ్వ మనవడి ముందు తల దించుకుని నిలబడింది మేమే.

వచ్చే మీటింగులో ఈ ఐదు మాటలూ మళ్ళీ చదువుతాం. ఈసారి చప్పట్లు కొట్టేముందు వినండి. కాదనేవాళ్ళు కాదనే కారణం చెప్పండి, మేము తప్పైతే దిద్దుకుంటాం. అంతవరకూ "లాగ్" అన్న ఒక్క మాట చూసి వోచరు మీద సంతకం పెట్టం.

గంగమ్మ తల్లి అందరినీ చల్లగా చూడాలి.